ఫోటోషాప్‌లో ఎఫెక్ట్స్ లేయర్స్ ప్యానెల్‌లో ఉన్నాయి, బొమ్మ మీద లేవు. ఎక్కడ చూడాలి?

ఒక పోస్టర్‌లో టైటిల్ అక్షరాలకి డ్రాప్ షాడో (నీడ), స్ట్రోక్ (అంచు గీత) పెట్టి పీఎస్‌డీగా, అంటే ఫోటోషాప్ ఫైల్‌గా సేవ్ చేశాను. మళ్లీ తెరిస్తే రెండూ మాయం. లేయర్స్ ప్యానెల్‌లో ఎఫ్ఎక్స్ గుర్తు ఉంది, దాని కింద రెండింటి పేర్లూ ఉన్నాయి, పక్కన కంటి గుర్తులు కూడా ఆన్‌లోనే ఉన్నాయి, కానీ అక్షరాలు మాత్రం బోడిగా తెల్లగా కనిపిస్తున్నాయి.

నాకు తెలిసినవన్నీ చూశాను. ఓపాసిటీ తగ్గితే ఎఫెక్ట్స్ కూడా వెలిసిపోతాయి, ఫిల్ తగ్గితే అక్షరాలు పోయినా ఎఫెక్ట్స్ ఉంటాయి కదా, నా ఫైల్‌లో రెండూ 100 శాతమే. బ్లెండింగ్ ఆప్షన్స్‌లో లేయర్ మాస్క్ హైడ్స్ ఎఫెక్ట్స్ దగ్గర టిక్ లేదు. అర్థంకానిది ఏంటంటే, అదే లేయర్‌ని డూప్లికేట్ చేసి కొత్త ఫైల్‌లోకి పంపితే నీడ, అంచు రెండూ చక్కగా వస్తున్నాయి! కాబట్టి లేయర్ పాడవలేదనే అనుకుంటున్నా.

పాత ఫైల్‌లో ఈ లేయర్ ఒక గ్రూప్‌లో ఉంది, కింది ఆకారానికి క్లిప్పింగ్ మాస్క్‌గా కూడా (ఆ ఆకారం ఉన్నంత మేరే కనిపించేలా) పెట్టి ఉంది. ఆ క్లిప్పింగే నీడని కోసేస్తోందా, లేక గ్రూప్‌ బ్లెండ్ మోడ్ వల్లా? క్లిప్పింగ్ తీసేస్తే డిజైన్ అంతా చెదిరిపోతుంది, అందుకే ముందు అడుగుతున్నా. రాస్టరైజ్ చేయమని (అక్షరాలని మామూలు బొమ్మగా మార్చేయమని) మాత్రం చెప్పకండి ప్లీజ్, అక్షరాలు ఇంకా మార్చాల్సి ఉంది. ఎవరికైనా ఇలా జరిగి ఉంటే ఏ సెట్టింగ్ మారిస్తే సరైందో చెప్పండి.