మా ఆర్‌టీఓఎస్ అమ్మాలి: పరికరానికింత అనాలా, ఒక్కసారే తీసుకోవాలా?

ఉప్పల్ ఫర్మ్‌వేర్: మేం ముగ్గురం, హైదరాబాద్‌లో. కార్టెక్స్-ఎం అనే చిన్న ప్రాసెసర్ చిప్‌ల మీద నడిచే చిన్న ఆర్‌టీఓఎస్ (పరికరంలో ప్రతి పనీ అనుకున్న టైముకి జరిగేలా చూసే ఆపరేటింగ్ సిస్టమ్) రాసి మా సొంత ప్రాజెక్టుల్లో వాడుకుంటున్నాం. ఇప్పుడు ఇన్‌ఫ్యూజన్ పంపులు (రోగికి మందు కొలతగా ఎక్కించే యంత్రాలు) చేసే కంపెనీ ఒకటి కొంటామంటోంది. ఏడాదికి వెయ్యి పంపులు కూడా చెయ్యరు. పంపుకింత అని రాయల్టీ అడగాలా, సోర్స్ ఇచ్చేసి ఒక్కసారే తీసుకోవాలా? ఫ్రీఆర్‌టీఓఎస్ ఉచితంగా దొరుకుతుంటే మనకెవరిస్తారని మావాడొకడు అంటున్నాడు.

బోర్డుబ్రింగప్: రాయల్టీయే అడుగు తమ్ముడూ. వాళ్ల అమ్మకాలు పెరిగితే నీకూ వస్తుంది. వీఎక్స్‌వర్క్స్, క్యూఎన్ఎక్స్ లాంటి ఆర్‌టీఓఎస్‌లు అమ్మేవాళ్లు డెవలపర్ సీటుకి (దాన్ని వాడే ఒక్కో ఇంజినీరుకి) వేరుగా, అమ్మిన పరికరానికి వేరుగా తీసుకోలేదూ?

పాత సేల్స్ ఇంజినీర్: రాయల్టీ వద్దు బాబూ. ఆర్‌టీఓఎస్‌లు అమ్ముతూ బెంగళూరు, పుణె చాలా ఏళ్లు తిరిగాను. రాయల్టీ అంటే మూడు నెలలకోసారి ఎన్ని పంపులు అమ్ముడుపోయాయో వాళ్లు చెప్పాలి, మీరు నమ్మాలి. విండోస్ ఎంబెడెడ్‌కైతే ప్రతి పరికరం మీదా లైసెన్స్ స్టిక్కర్ ఉండేది. ముగ్గురితో ఆ లెక్క చూసుకోగలరా? పైగా మీ రాయల్టీ వాళ్ల బీఓఎం షీట్‌లో (విడిభాగాల ఖర్చు జాబితాలో) మోటారు, బ్యాటరీల పక్కన ఒక వరుసై కూర్చుంటుంది. ఖర్చు తగ్గించమన్నప్పుడల్లా పర్చేజ్ వాళ్ల కన్ను దానిమీదే.

ఎక్స్‌ప్రెస్ లాజిక్ వాళ్లు తమ ఆర్‌టీఓఎస్ థ్రెడ్‌ఎక్స్‌ని రాయల్టీ లేకుండా, సోర్స్‌తో సహా అమ్మారు. 2019లో మైక్రోసాఫ్ట్ కొనేసింది, ఇప్పుడది ఎక్లిప్స్ ఫౌండేషన్ దగ్గర, ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఎంఐటీ లైసెన్స్‌లో ఉంది. ఫ్రీఆర్‌టీఓఎస్ కూడా 2017లో అమెజాన్ చేతికి వెళ్లాక ఎంఐటీయే. అంటే ఉత్త కెర్నెల్‌కి (ఓఎస్ అసలు కోడ్‌కి) ఇక ధర లేదు, మీవాడు అన్నది నిజమే. అయినా సేఫ్‌ఆర్‌టీఓఎస్ అనే ఇంకో ఆర్‌టీఓఎస్‌కి డబ్బులిస్తున్నారు. ఎందుకు? దాంతోపాటు సేఫ్టీ సర్టిఫికేషన్‌కి కావలసిన కాగితాలు వస్తాయి కాబట్టి.

పంపు కంపెనీకి వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్ ప్రమాణం ఐఈసీ 62304 తప్పదు. బయటినుంచి తెచ్చిన ఓఎస్ వాళ్లకి ‘సూప్’ (ఎలా తయారైందో తమకి తెలియని సాఫ్ట్‌వేర్) కిందికి వస్తుంది. దాన్నుంచి తమకేం కావాలో రాయాలి, తెలిసిన లోపాల జాబితా చూసి రోగికి ప్రమాదముందో లేదో తేల్చాలి. ఒక్కో రిక్వైర్‌మెంట్‌కి ఏ టెస్టు, ఏ వెర్షన్‌లో పాసైంది అన్న ఫైలు మీరిస్తే వాళ్లకి నెలల పని తప్పుతుంది. ధర దానికి పెట్టండి. ప్రాడక్ట్‌కి ఒక్కసారి లైసెన్స్, దానిమీద ఏటా 15–20 శాతం మెయింటెనెన్స్. సోర్స్ తప్పక ఇవ్వండి. ముగ్గురే ఉన్న కంపెనీ రేపు మూతపడితే ఎలా అన్న భయం వాళ్లకి ఉంటుంది.

ఉప్పల్ ఫర్మ్‌వేర్: లోపాల జాబితా మేమే చేతికిస్తే బెదిరిపోరా మేడమ్?

పాత సేల్స్ ఇంజినీర్: జాబితా ఖాళీగా ఉంటేనే బెదురుతారు, వెతకలేదని అర్థం కాబట్టి. లోపం ఏ వెర్షన్‌లో, ఏ చిప్ మీద వస్తుందో, దాన్ని ఎలా తప్పించుకోవాలో రాసివ్వండి. ఇంకోటి, ధర చెప్పేముందు వాళ్ల క్వాలిటీ వాళ్లతో ఓ గంట కూర్చోండి. పర్చేజ్ దగ్గరికి తర్వాత వెళ్లొచ్చు.

బోర్డుబ్రింగప్: వెయ్యి పంపులకైతే మేడమ్ చెప్పిందే సరి. లక్షల్లో పోయే కరెంటు మీటర్లకైతే నా మాట నాదే.