సముద్రపు అడుగుకు మనిషి దిగాలా, యంత్రం చాలదా?

తీరవాసి:
చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, ముగ్గురిని 6000 మీటర్ల లోతుకు దింపడానికి మత్స్య 6000 వాహనాన్ని సిద్ధం చేస్తోంది. ఆ లోతున నీటి ఒత్తిడి ఇక్కడి గాలి ఒత్తిడికి సుమారు 600 రెట్లు. అదే సంస్థ పంపిన మనుషులు లేని రోసబ్ 6000 యంత్రం 2010లోనే మధ్య హిందూ మహాసముద్రంలో 5289 మీటర్ల దాకా వెళ్లింది. అలాంటప్పుడు మూడు ప్రాణాలను అక్కడికి పంపవలసినంత శాస్త్రీయ అవసరం ఏమిటి? 2014లో న్యూజిలాండ్ దగ్గరి కెర్మడెక్ అగాధంలో మనుషులు లేని నీరియస్ వాహనం నలిగిపోయినప్పుడు పోయింది యంత్రం ఒక్కటే. 2023లో టైటానిక్ ఓడ శిథిలాలను చూడటానికి దిగిన టైటాన్ వాహనంతో అయిదుగురు పోయారు.

లోతుగీత:
టైటాన్‌తో పోలిక న్యాయం కాదండి. అది స్వతంత్ర సంస్థ ఏదీ ధ్రువీకరించని కార్బన్ ఫైబర్ వాహనం. మత్స్యలో మనుషులు కూర్చునేది టైటానియం మిశ్రలోహపు గోళంలో. ఇక అవసరం సంగతికి వస్తే, 1977లో పసిఫిక్ మహాసముద్రంలోని గలాపగోస్ దీవుల వద్ద జరిగింది చూడండి. ఓడ నుంచి వేలాడదీసిన ఆంగస్ కెమెరా దాదాపు 3000 ఫొటోలు తీయగా, నీటి ఉష్ణోగ్రత కాసేపు పెరిగిన చోట తీసిన 13 ఫొటోల్లో మాత్రమే ఆల్చిప్పలు కనిపించాయి. మర్నాడు మనుషులు దిగే ఆల్విన్ వాహనంలో సుమారు 2500 మీటర్లు దిగినవారు, సూర్యకాంతితో పనిలేకుండా వేడినీటి ఊటల చుట్టూ బతుకుతున్న ఒక లోకాన్నే కళ్లారా చూశారు. చుట్టూ తిరిగి చూసే కంటికి, అప్పటికప్పుడు దారి మార్చుకునే బుద్ధికి కెమెరా చట్రం సాటిరాదని నా నమ్మకం.

తీరవాసి:
మీ ఉదాహరణలోనే నా వాదనకూ బలముంది. ఆ చోటు చూపించింది యంత్రమే. పైగా ఆ బృందంలో ఉన్నది భూగర్భ, రసాయన శాస్త్రవేత్తలు. జీవశాస్త్రవేత్త ఒక్కరూ లేకపోవడంతో, దొరికిన జీవులను కొద్దిపాటి ఫార్మాల్డిహైడ్‌లోనూ వోడ్కాలోనూ భద్రపరచవలసి వచ్చింది. అక్కడ కొరవడింది తెలిసినవారి చూపు. ఆ చూపును ఇప్పుడు అమెరికా పరిశోధన నౌక ఒకెయానస్ ఎక్స్‌ప్లోరర్ ఉపగ్రహం ద్వారా ఒడ్డునున్న ఎందరో నిపుణుల నుంచి ఒకేసారి అందుకుంటోంది.

లోతుగీత:
చోటు వెతికే పని యంత్రానిదేనని ఒప్పుకుంటాను. 2024 డిసెంబరులో మన ఓమె 6000 యంత్రం హిందూ మహాసముద్రంలో సుమారు 4500 మీటర్ల లోతున వేడినీటి ఊటను ఫొటో తీసింది. మత్స్య దిగవలసింది అలాంటి చోటికే. దాని మూడు సీట్లలో ఒకటి తప్పనిసరిగా జీవశాస్త్రవేత్తకు దక్కాలి.