ఖజా (తప్పిపోయిన రంజాన్ రోజాలు తర్వాత తీర్చుకోవడం) బాకీ ఉండగా షవ్వాల్ (రంజాన్ తర్వాతి నెల) ఆరు రోజాలు ఉండొచ్చా?

నెలవంక:
అస్సలాము అలైకుమ్. నెలసరి వల్ల రంజాన్‌లో నాకు ఏడు రోజాలు పోయాయి. షవ్వాల్ ఆరు మొదలుపెడదామని నిన్న సహరీకి (రోజాకి ముందు తెల్లవారుజామున తినే భోజనానికి) లేచి, రాత్రి మిగిలిన అన్నంలో పెరుగు కలుపుకుంటుంటే మా అత్తమ్మ వచ్చి "ముందు ఫర్జ్ (తప్పనిసరి) బాకీ తీర్చుకోమ్మా, నఫిల్ (ఐచ్ఛికం) తర్వాత" అన్నారు. సరేనని ఖజా నియ్యత్ (సంకల్పం)తోనే ఉన్నా, కానీ ఆ ఆరూ పోతాయేమోనని ఒకటే దిగులు. ఏది కరెక్ట్?

మునిమాపు:
వ అలైకుమ్ అస్సలామ్ చెల్లీ. అత్తగారు చెప్పిందే కరెక్ట్. సహీహ్ ముస్లిం అనే హదీసుల (ప్రవక్త మాటల) గ్రంథంలో ప్రవక్త సహచరుడు అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) చెప్పిన హదీసు ఉంది, రంజాన్ ఉపవాసాలు ఉండి, ఆ తర్వాత షవ్వాల్‌లో ఆరు ఉంటే కాలమంతా ఉపవాసం ఉన్నట్టే అని. ఒక్కో మంచి పనికి పదింతలు కాబట్టి 30కి 300, ఆరుకి 60, ఏడాది లెక్క సరిపోతుంది. ఏడు బాకీ పెట్టుకుని రంజాన్ పూర్తయిందని ఎలా అంటాం? ఖజా ఉండగా నఫిల్ చెల్లదనేదే సున్నీల నాలుగు ధర్మశాస్త్ర శాఖల్లో ఒకటైన హంబలీల్లో ప్రసిద్ధమైన మాట. ఏడూ ఆరూ పదమూడు, పండగ రోజు, మళ్లీ నెలసరి తీసేసినా నెలలో పడతాయి.

ఇంటిదీపం:
భాయ్, పదమూడు పడతాయి సరే. నాకు బాబు పుట్టిన ఏడాది రంజాన్ మొత్తం పోయింది, ముప్పై బాకీ. మీ లెక్కన నాలాంటి వాళ్లకి ఆ ఏడాది షవ్వాల్ తలుపు మూసేసినట్టేగా? ఖుర్‌ఆన్‌లో (2:185) వేరే రోజుల్లో లెక్క పూర్తి చేయమంది గానీ పండగ మర్నాడే అనలేదు. ప్రవక్త భార్య ఆయిషా (రజి) తన మీద రంజాన్ ఖజా ఉండేదని, షాబాన్‌లో తప్ప తీర్చుకోవడం కుదిరేది కాదని చెప్పారు, బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింట్లోనూ ఉంది. అంటే దాదాపు మళ్లీ రంజాన్ వచ్చేదాకా. హనఫీ శాఖలో ఖజా కంటే ముందు నఫిల్ ఉండటానికి అడ్డు లేదు, మన వైపు ఎక్కువమంది హనఫీలమే కదా. బాకీ ఎగ్గొట్టమని కాదు, గడువున్న బాకీ అంటున్నా. షవ్వాల్ మాత్రం పోతే పోయినట్టే.

మునిమాపు:
ఆపా, ముప్పై బాకీ ఉన్న తల్లి సంగతి నేను ఆలోచించలేదు, నిజమే. కానీ ఆ హదీసులో ఆయిషా (రజి) ఈ మధ్యలో నఫిల్ ఉన్నారని ఎక్కడుంది? ఖజా ఆలస్యం చేయొచ్చని తెలుస్తుంది, అంతే. రేపటి దాకా ఉంటామో లేమో, అందుకే నా భయం.

పాతబావి:
ఇంకో మాట. మాలికీ శాఖకి మూలమైన ఇమామ్ మాలిక్ అయితే తన ముఅత్తా గ్రంథంలో ఈ ఆరు రోజాలు ఆలిములెవరూ (పండితులెవరూ) ఉండటం తను చూడలేదన్నారు, జనం వీటిని రంజాన్‌లో కలిపేస్తారని ఆయన భయం. ఇమామ్ షాఫయీ, ఇమామ్ అహ్మద్ మాత్రం సున్నత్ (ప్రవక్త ఆచారం) అన్నారు, నేనూ ఏటా ఉంటా, కానీ ఉండలేని ఆడవాళ్లని తప్పు చేసినట్టు చూడటం మానాలి. ఖజా రోజాకే షవ్వాల్ పుణ్యం కూడా దక్కుతుందని షాఫయీ శాఖ ఉలమాల్లో (పండితుల్లో) కొందరన్నారు, అదీ ఒక ఊరట.

నెలవంక:
అందరికీ జజాకల్లాహ్. పదమూడు నావల్ల అవుతాయి, పిల్లలకి ఒంటిపూట బడులే కాబట్టి మధ్యాహ్నం కాస్త నడుం వాల్చొచ్చు. నిన్నటిది ఒకటి అయింది, ఇంకా ఆరు ఖజా, తర్వాత షవ్వాల్‌వి. రేపటి సహరీకి అత్తమ్మ కూడా లేస్తానన్నారు.