చలికాలం మూడు నెలలు ఆర్వీలో: ఆరిజోనా ఎడారా, టెక్సాస్ వ్యాలీయా?

చక్రాలఇల్లు:
మాది షికాగో దగ్గర. ఇద్దరం రిటైరయ్యాం, 28 అడుగుల సెకండ్ హ్యాండ్ ఆర్వీ (పడక, వంటగది అన్నీ లోపలే ఉండే బండి) కొన్నాం. జనవరి నుంచి మార్చి దాకా మంచు మొహం చూడకూడదు, అంతే. ఫ్లోరిడా అనుకున్నాం గానీ అక్కడి స్టేట్ పార్కుల్లో వాళ్ళ రాష్ట్రం వాళ్ళకి 11 నెలల ముందు, బయటివాళ్ళకి 10 నెలల ముందు బుకింగ్ తెరుస్తారు, ఇక మనకేం మిగులుతుంది? ఆరిజోనా ఎడారిలో క్వార్ట్‌సైట్ వెళ్ళాలా, టెక్సాస్ దక్షిణ కొసన రియో గ్రాండే వ్యాలీకా?

ఎడారిపక్షి:
క్వార్ట్‌సైట్, రెండో మాట లేదు. అక్కడ లా పోసా అని ప్రభుత్వ భూమి, బండి పెట్టుకుని ఉండటానికి సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఒకటే పర్మిట్. నేను తీసుకున్నప్పుడు సీజనంతటికీ 180 డాలర్లు, ఇప్పటి రేటు చూసుకోండి. నీళ్ళు పట్టుకోవచ్చు, మురుగు ట్యాంకులు ఖాళీ చేసుకోవచ్చు. జనవరిలో పగలు హాయిగా చొక్కాతో తిరగొచ్చు.

వ్యాలీబాబాయ్:
180 దగ్గరే ఆగిపోయావేం తమ్ముడూ, కరెంటు కనెక్షన్ ఉండదన్న సంగతి ఎవరు చెప్తారు? పగలు ఎండ సరే, రాత్రి 40 ఫారెన్‌హీట్‌కి దిగుతుంది. 30,000 బీటీయూ (వేడి కొలత) హీటర్ ఆపకుండా నడిస్తే 20 పౌండ్ల గ్యాస్ సిలిండర్ 14 గంటలకి మించి రాదు, ఆగి ఆగి నడుస్తుంది కాబట్టి మూడు నాలుగు రాత్రులు వస్తుందనుకో. గ్యాస్‌తో అయిపోదు, దాని ఫ్యాన్ బ్యాటరీని తాగేస్తుంది. పాత లెడ్ బ్యాటరీ అయితే తెల్లారుజామున నాలుగింటికి హీటర్ ఆగిపోయి, దుప్పట్లో ఇద్దరూ ఒకర్నొకరు తిట్టుకోవడమే. (అనుభవం.) అదే వ్యాలీలో మెక్‌ఆలెన్, మిషన్ ఊళ్ళ వైపు ఆర్వీ పార్కుల్లో ప్లగ్ పెట్టుకుని పడుకోవచ్చు. పైగా షికాగో నుంచి దాదాపు 400 మైళ్ళు తక్కువ.

ఎడారిపక్షి:
బాబాయ్ గారూ, 2021 ఫిబ్రవరి మర్చిపోయారా? వ్యాలీలో కూడా గడ్డకట్టింది, మీరు నమ్ముకున్న కరెంటే పోయింది. అప్పుడు నేను ఎడారిలో లిథియం బ్యాటరీ, రెండు సోలార్ ప్యానెళ్ళతో కాఫీ తాగుతున్నా.

వ్యాలీబాబాయ్:
అది నిజమే, ఒప్పుకుంటా. కానీ అలాంటి వారం ఏటా రాదు, నీ ఎడారి రాత్రి మాత్రం రోజూ వస్తుంది.

పప్పుచారు:
మీ ఇద్దరూ హీటర్ దగ్గరే కూర్చున్నారు. నేను రెండు చోట్లా ఉన్నా. ఎడారిలో మొదటి రెండు వారాలు స్వర్గం, మూడో వారంలో దుమ్ము తుడవలేక నాకు ఏడుపొచ్చింది. మా ఆయనైతే ఇంకో నెల ఉందామన్నారు, ఎవరి పిచ్చి వారికానందం. వ్యాలీ పార్కులో పక్కింటివాళ్ళు మిన్నెసోటా రైతులు, నా పులిహోర కోసం ప్లేట్లు పట్టుకొచ్చేవాళ్ళు. అసలు అడగాల్సింది వేరే ఉంది అన్నయ్య గారూ: మీ మెడికేర్ (పెద్దవాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఏది? మామూలుదైతే దేశంలో ఎక్కడైనా మెడికేర్ తీసుకునే డాక్టరు చూస్తాడు. ప్రైవేటు కంపెనీ నడిపే, ఫలానా డాక్టర్ల నెట్‌వర్క్ పెట్టిన అడ్వాంటేజ్ ప్లాన్ అయితే, ఎమర్జెన్సీ కాని వాటికి మీ ఊరు దాటితే చాలాసార్లు జేబులోంచే. మావారి బీపీ మందు మార్పించడానికి మాకు అదే జరిగింది.

చక్రాలఇల్లు:
మాది అడ్వాంటేజే అనుకుంటా! లెడ్ బ్యాటరీ కూడా. లా పోసాలో 14 రోజుల చిన్న పర్మిట్ ఉంటుందట, అది తీసుకుని చూసి, తర్వాత తూర్పుకి తిరిగి వ్యాలీకి వెళ్తే?

వ్యాలీబాబాయ్:
వెళ్ళొచ్చు, డీజిల్ బిల్లు మాత్రం ఎడారిపక్షికి పంపు.

చక్రాలఇల్లు:
మాది పెట్రోల్ బండి బాబాయ్ గారూ, గ్యాలన్‌కి 8 మైళ్ళు. ముందు ఆ ప్లాన్ కాగితాలు వెతకాలి, బేస్‌మెంట్లో ఏ పెట్టెలో ఉన్నాయో.