1999 రూపాయి బిళ్ల మీద అక్షరాలు రెండేసి కనబడుతున్నయి, ఇది డబుల్ డైయేనా?

హన్మకొండ కండక్టర్:
అందరికి నమస్తే. ఆర్టీసీల ఇరవై ఏండ్ల సంది కండక్టర్ను. సంచిల చిల్లర ఏరుకుంట ఏరుకుంటనే ఈ నాణేల పిచ్చి పట్టింది. పోయిన ఆదివారం ఒకాయన దగ్గర 1999 రూపాయి కొన్న. స్టీలుది, రెండు పక్కల కంకులుంటయి కద, గదే. సంవత్సరం కింద నక్షత్రం ఉన్నది, అంటే మన హైదరాబాద్ టంకశాలదే. రుపీ అన్న ఇంగ్లీషు అక్షరాలకు, చివరి రెండు తొమ్మిదులకు కుడిదిక్కు ఇంకో అంచు కనబడుతున్నది. "డబుల్ డై, మళ్ల దొరకది" అని ఎనిమిది వందలు తీసుకున్నడు. ఇంటికొచ్చి డబ్బాల ఉన్న పాత రూపాయలన్నీ కుమ్మరిస్తే 2001ది ఒకటి, 2003ది ఒకటి గట్లనే ఉన్నయి! దొరకనిది నా డబ్బాలనే రెండెట్ల దొరికింది? ఫోటోలు పెట్టిన, జర చూడుండ్రి. ఎనిమిది వందల సంగతి ఇంట్ల ఇంకా చెప్పలే.

గడియారాల రిపేర్, వరంగల్ చౌరస్తా:
తమ్మీ, ముందుగాల ఫ్లాష్ బంద్ చెయ్యి. ఫ్లాష్ వేస్తే మెరిసే స్టీలు మీద ప్రతి అక్షరానికి నీడ పుడుతది. కిటికీ పక్కకు కూసొని, పదింతలు చూపే కంటి అద్దం పెట్టి, బిళ్లను మెల్లగ తిప్పుకుంట చూడు. తిప్పినా కొద్దీ రెండో అంచు జరుగుతుంటే అది వట్టి వెలుగు. జాగల ఉంటేనే ముందుకు పో.

ఇగ అక్షరం లావు చూడు. నేనైతే అన్నిటికంటె ముందు గదే చూస్తా. మెషీన్ల డై, అంటే బిళ్ల మీద బొమ్మ కొట్టే ఉక్కు అచ్చు, వదులైతే, దెబ్బ పడంగనే ఇసుమంత పక్కకు జారుతది. జారి, అప్పుడే లేచిన అక్షరం అంచును ఒత్తేస్తది. నా చేతిల స్క్రూడ్రైవర్ జారి వాచీ ప్లేటు గీరుకపోయినట్టే అనుకో. అందుకే ఆ రెండో అంచు కిందికి, మెట్టు లెక్క సదరంగ ఉండి తళతళ మెరుస్తది. అక్షరం సన్నబడుతది, ఎందుకంటె ఆ మెట్టు అక్షరంల నుంచి కోసుకున్నదే. దీన్ని మెషీన్ డబ్లింగ్ అంటరు. రూపాయి రూపాయే, ఒక్క పైస ఎక్కువ రాదు.

డబుల్ డై కథ నాణెం కొట్టకముందే అయిపోతది. డై చేసేటప్పుడు హబ్ అనే ఉబ్బెత్తు అచ్చుతోని ఉక్కు ముక్కను నొక్కుతరు. ఒక్కసారి నొక్కితే ఉక్కు గట్టిపడుతది, బొమ్మ పూర్తిగ దిగది. పాత పద్ధతిల కాల్చి మెత్తబరిచి మళ్ల నొక్కేటోళ్లు. రెండోసారి కొంచెం తిరిగి కూసుంటే డై మీదనే రెండు బొమ్మలు. ఇగ ఆ డై కింద పడ్డ ప్రతి నాణేనికి అదే జాగల అదే జంట. అక్షరం లావైతది, రెండో గీత కూడ గుండ్రంగ లేచి ఉంటది, కొసలల్ల పాము నాలుక లెక్క చీలిక కనబడుతది.

అమెరికా 1955 సెంటు బొమ్మలు వెతికి చూడు. అంచు పొంటి ఉన్న రాతలు, సంవత్సరం దూరం నుంచే రెండు కనబడుతయి, నడిమిట్ల లింకన్ మొఖం మాత్రం దాదాపు మామూలుగనే ఉంటది. ఇరుసు దగ్గర ముల్లు తక్కువ జరుగుతది, కొసకు ఎక్కువ జరుగుతది, గడియారం చూసినోనికి చెప్పాల్నా? అదే 1955ల ఇంకో సెంటు ఉన్నది, అరిగిపోయిన డైతోని కొట్టింది. చివరి 5 పక్కన పొగ లెక్క ఇంకో 5. దాన్ని వాళ్లే "పేదోడి డబుల్ డై" అంటరు. అరిగిన డైకి గుర్తేందంటే, గీత గీసినట్టు ఉండది, అలికినట్టు ఉంటది. అక్షరాల చుట్టూ బత్తాయి తొక్క తీరు గరుకు కూడ ఉంటది.

జగిత్యాల కలెక్టర్ (నాణేల కలెక్టర్, జిల్లాకు కాదు!):
తాత చెప్పినదానికి ఒకటి కలుపుతా. మా కోటిలింగాల దిక్కు దొరికిన శాతవాహనుల నాణేల లాంటి పాతవాటి మీద బొమ్మ రెండుసార్లు పడితే దాన్ని డబుల్ డై అనొద్దు. అవి చేత్తోని కొట్టినవి. సుత్తె ఎగిరి మళ్ల పడినా, మొదటి దెబ్బ సాలక ఇంకోటి వేసినా బొమ్మ జంటైతది. అది డబుల్ స్ట్రైక్. రెండో దెబ్బ కింద మొదటి బొమ్మ నలిగిపోయి ఉంటది. మెషీన్ల కూడ నాణెం బయటికి పోక ఇంకో దెబ్బ తింటే గట్లనే అయితది, కాని అప్పుడు రెండు అక్షరాలు కాదు, బొమ్మంత జంటైతది.

కండక్టర్ అన్నా, మీ ఫోటోల అంచులన్నీ కుడిదిక్కే, ఒక్క తీరుగ జరిగినయి. నాకైతే డై వదులే అనిపిస్తంది.

హన్మకొండ కండక్టర్:
పొద్దున డ్యూటీకి పోకముందు కిటికీ కాడ కూసొని చూసిన. 1999 దానికి తాత చెప్పిన మెట్టే. సదరంగ, బ్లేడుతోని కోసినట్టు. మొదటి తొమ్మిది లావుగనే ఉన్నది, చివరి రెండు సన్నం. 2001ది కూడ అంతే. అమ్మినాయనకు ఫోన్ చేస్తే "అమ్మిన సరుకు వాపసు తీసుకోను" అన్నడు.

కాని 2003 దానికి మెట్టు లేదు. సున్నాల చుట్టూ అలికినట్టు ఉన్నది, పక్కన గరుకు కూడ ఉన్నది. అంటే నాది పేదోడి డబుల్ డై అన్నట్టా తాతా? సాయంత్రం ఫ్లాష్ లేకుండ ఫోటో పెడ్తా.

గడియారాల రిపేర్, వరంగల్ చౌరస్తా:
అరిగిన డై లెక్కనే ఉన్నది. స్టీలు గట్టిది, డైలను తొందరగ తింటది. ఫోటో ఎందుకు, బస్సు చౌరస్తల ఆగినప్పుడు తెచ్చి చూపియ్యి. ఆ ఎనిమిది వందల సంగతి ఇంట్ల నువ్వే చెప్పుకో.