నెల్లూరులో టీం స్లాట్ కార్ రేసు: ఇంతకుముందు పెట్టినోళ్ళు ఎక్కడ దెబ్బతిన్నారో చెప్పండి

పెన్నాగట్టు:
అందరికీ నమస్తే. మాది నెల్లూరు, మాగుంట లేఔట్ దగ్గర. మిద్దె మీద గదిలో నాలుగు లేన్ల స్లాట్ కార్ ట్రాక్ ఉంది, అంటే గాడి వెంట కరెంటుతో పరిగెత్తే బొమ్మ కార్లది. ఎండీఎఫ్ (చెక్కపొడి అట్ట) పలకల మీద రౌటర్ అనే గాడి కోసే మిషన్‌తో గాడి తీసి, రెండు పక్కలా రాగి టేపు అంటించాం. చుట్టు 18 మీటర్లు, కార్లు అసలు కారులో 32వ వంతు సైజువి. ఇన్నాళ్ళూ ఆదివారం పూట నలుగురం చేరి మూడేసి నిమిషాల రేసులు ఆడుకుంటున్నాం. ఇప్పుడు మా కుర్రాళ్ళకి లే మాన్స్ (ఫ్రాన్సులో 24 గంటలు నడిచే కార్ల రేసు) పిచ్చి పట్టింది, రోజంతా తిప్పాలంటున్నారు. 24 గంటలు మావల్ల కాదు గానీ, ఒక పూటంతా నడిచే టీం రేసు పెట్టాలని ఉంది. ఆరు టీములు తయారు, టీముకి ముగ్గురు. లేన్లేమో నాలుగే. పలకలు విడదీసి చిన్న ఫంక్షన్ హాలుకి మోసుకుపోవాలి. ఎట్టా గెలవాలో తర్వాత చూసుకుందాం, ముందు పరువు పోకుండా ఎట్టా నడపాలో చెప్పండి.

ఒంగోలు_గిత్త:
మంచి పనబ్బయ్యా. మేం మొదటిసారి పెట్టినప్పుడు నెల రోజులు కార్ల గురించే కొట్టుకున్నాం. మనుషుల సంగతి ఎవరికీ గుర్తు రాలా. రేసు నడిపేది కంట్రోలర్ పట్టుకున్నోడు కాదు, మలుపు దగ్గర స్టూలేసుకుని కూర్చుని, పడిన కారుని మళ్ళీ గాడిలో పెట్టే మార్షల్. మూడు నిమిషాల రేసులో కారు గాడి తప్పితే ఎవడో ఒకడు దూకి పెడతాడు. మూడో గంటలో ఎవడూ లేవడు. ఒకడు టీకి పోతాడు, ఒకడు ఫోన్ చూసుకుంటా ఉంటాడు, కారేమో తిరగబడి చక్రాలు గాల్లో తిప్పుకుంటా ఉంటది.

నీకు ఆరు టీములు, నాలుగు లేన్లు అంటే నిజానికి అదృష్టమే. ఎప్పుడూ రెండు టీములు బయట ఉంటాయి, ఆ ఆరుగురే మార్షల్స్. ప్రతి టీమూ ఈ వరసలో తిరగాలి: 1, 3, బయట, 4, 2, బయట. ఒక్కో టీం ఒక్కో మెట్టు వెనక మొదలుపెడితే ఎక్కడా గుద్దుకోరు, అందరూ నాలుగు లేన్లూ తొక్కుతారు. విడతకి 45 నిమిషాలు పెట్టుకో. ఆరు విడతలంటే నాలుగున్నర గంటలు. టీం ట్రాక్ మీద ఉండేది మూడు గంటలు, మనిషికి విడతలో 15 నిమిషాల చొప్పున మొత్తం గంట. అంతకు మించి ఒక్కడి చేతిలో పెట్టొద్దు, బొటనవేలు పట్టేస్తది.

ఫలితం లెక్క మన బండలాగుడు పోటీ లెక్కే. టైం కట్టి, ఎంత దూరం లాగిందో కొలుస్తారు, చివర అడుగులు కూడా వదలరు. ఇక్కడా అంతే. గంట కొట్టగానే కరెంటు తీసెయ్, కార్లు ఎక్కడ ఆగినాయో అక్కడే ఉంచు. ట్రాక్ పక్కన ముందే నంబర్లు గీసి పెట్టుకుంటే ల్యాపులు సమానమైనా గొడవ ఉండదు.

ఊరికే_అడుగుతున్నా:
బొమ్మ కార్లకి ఇంత తతంగమా అన్నా? పిల్లల సెట్టు కొనిస్తే మా వాడు రెండ్రోజులాడి అటకెక్కించాడు.

కావలి మాస్టారు:
రెండ్రోజులకి అటకెక్కింది సెట్టు తప్పు కాదు బాబూ, ఒక్కడే ఆడుకోవడం వల్ల. 1957లో ఇంగ్లండులో ఫ్రెడ్ ఫ్రాన్సిస్ స్కేలెక్స్‌ట్రిక్ అనే స్లాట్ కార్ సెట్టు బయటికి తెచ్చిన దగ్గర్నుంచి సూత్రం పెద్దగా మారలేదు: ఒక గాడి, దానికి అటూ ఇటూ రెండు పట్టీలు, చేతిలో ఒక మీట. పక్క లేన్లో మనిషి ఉంటేనే దానికి ప్రాణం.

పెన్నాగట్టు గారూ, కరెంటు సంగతి నేను చెబుతాను, ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పిన అలవాటు. మీ రాగి టేపు చాలా పల్చన. 18 మీటర్ల చుట్టులో కరెంటు ఒక్కచోటే ఇస్తే ట్రాక్ అవతలి కొసకి వోల్టేజి పడిపోతుంది. కారు అక్కడ నీరసపడుతుంది, డ్రైవరేమో టైర్లని తిడతాడు. పలకల అడుగు నుంచి లావు వైరు లాగి, కనీసం నాలుగు చోట్ల పైకి తెచ్చి టేపుకి టంకం పెట్టండి. మళ్ళీ మళ్ళీ విప్పే పలకలు కాబట్టి అతుకుల దగ్గర టేపుని నమ్ముకోవద్దు.

హాల్లో కరెంటు పోతుంది, అది ఖాయం అనుకునే దిగండి. 12 వోల్టుల కారు బ్యాటరీ పెట్టి, దానికి చార్జర్ తగిలించి ఉంచండి. నాలుగు లేన్లకీ అదొక్కటే. లేనుకో బ్యాటరీ పెడితే ఒకటి ముందు దిగిపోతుంది, అప్పుడు మొదలవుతాయి మాటలు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు, ప్రతి లేనుకీ విడిగా మరో ఫ్యూజు. ఇందులో బేరం లేదు, కారు బ్యాటరీ షార్టయితే వైరు ఎర్రగా కాలుతుంది. చార్జింగులో హైడ్రోజన్ వస్తుంది, కాబట్టి మూసిన బల్ల కింద దూర్చొద్దు. ల్యాపులు లెక్కపెట్టే లాప్‌టాప్ ఎటూ తన బ్యాటరీ మీద నడుస్తుంది. రేసు గడియారం, ట్రాక్ కరెంటు ఒకే మీటతో ఆగేలా చూసుకోండి.

కంట్రోలర్ వైర్ల రంగులు కూడా అందరికీ ఒకటే ఉండాలి. తెలుపు కరెంటు, నలుపు మోటారుకి, ఎరుపు బ్రేకు. తెలుపూ నలుపూ తారుమారైతే మీట వదలగానే పొగ.

ఊరికే_అడుగుతున్నా:
మాస్టారూ, మీట వదిలితే కరెంటు ఆగుతుంది గదా, మళ్ళీ బ్రేకేంది?

కావలి మాస్టారు:
మంచి ప్రశ్న. మీట వదలగానే మోటారు రెండు కొసలూ ఒకదానికొకటి కలుస్తాయి. ఇంకా తిరుగుతున్న మోటారు ఆ క్షణానికి డైనమో అయిపోతుంది. అది పుట్టించిన కరెంటే దాన్ని వెనక్కి లాగుతుంది. ఆ ఎరుపు వైరు తీసేసి ఒకసారి నడపండి, కారు మలుపులో ఆగకుండా తిన్నగా గోడకి పోతుంది.

చీమకుర్తి_రాయి:
నాదొక చిన్న మాట. కారు ఛాసిస్ (అడుగు చట్రం) తిన్నగా ఉందో లేదో చూసేదానికి జనం అద్దం ముక్క వాడతారు. మా ఊళ్ళో గెలాక్సీ గ్రానైట్ పాలిష్ ముక్కలు ఫ్యాక్టరీల బయట కుప్పలుగా పడుంటాయి. అడుగు పొడుగు ముక్క చాలు. కారు దాని మీద పెట్టి మూలలు ఒక్కోటీ వేలితో నొక్కండి. టిక్కుమని లేచిందంటే ఛాసిస్ వంకర. నల్లటి మెరుపు రాయి కదా, టైరు కింద సందు ఉంటే వెలుగు గీతలా కనపడతది. కావాలంటే ఒంగోలు దాకా నేనే పంపిస్తా.

పెన్నాగట్టు:
పంపన్నా, పుణ్యముంటది! ఇంకో డౌటు. కారు ట్రాక్‌ని పట్టుకుని ఉండేదానికి అడుగున పెట్టే అయస్కాంతం ఉంది గదా, మా టీముల్లో ఇద్దరు దాన్ని ఉంచాలంటున్నారు, మిగతావాళ్ళు తీసేయాలంటున్నారు. రూలు ఏం పెట్టాలి?

కావలి మాస్టారు:
మీ ట్రాక్ మీద ఆ గొడవే లేదు. రాగికి అయస్కాంతం అంటుకోదు. ప్లాస్టిక్ సెట్లలో పట్టీలు ఇనుమువి కాబట్టి అక్కడ పని చేస్తుంది. ఆ ఇద్దరినీ సంతోషంగా ఉంచుకోనివ్వండి, ఉత్త బరువే.

మైపాడు_అల:
😄 మాస్టారూ, అది బాగుంది.

నేను మార్షల్‌గానే ఎక్కువ కూర్చున్నా, ఆ వైపు నుంచి చెబుతా. ఒకటి, కార్లకి లేన్ రంగు స్టిక్కర్ ఉండాలి, విడత మారినప్పుడల్లా మార్చాలి. నాలుగు కార్లు ఒక్క మలుపులో కుప్పపడితే ఎర్రకారు ఏ లేనుదో నాకెట్టా తెలుస్తది? ఒకసారి రెండు కార్లు మార్చి పెట్టేసినా. ఇద్దరూ చెరో కంట్రోలర్‌తో అవతలోడి కారు నడుపుతా నన్ను తిట్టారు.

రెండోది తిండి. మా వాళ్ళు మధ్యలో కారం దోసెలు తెప్పించారు. తిని చేతులు తుడుచుకున్నారేగానీ కడుక్కోలా. ఆ వేళ్ళతోనే కార్లు తీసి పెట్టారు. అరగంటలో ట్రాక్ మొత్తం నెయ్యి పూసినట్టయింది. నాలుగు కార్లూ జారుడే, టైర్లు ఎంత తుడిచినా లాభం లేకపోయింది. కాబట్టి తిండి బయట, సబ్బు తప్పనిసరి. వెనక టైర్లని జిగురు టేపు మీద ఒక్కసారి దొర్లిస్తే దుమ్ము వచ్చేస్తది, ప్రతి బల్ల మీదా ఒక చుట్ట పెట్టండి.

అయస్కాంతం లేని కారు బరువు కోసం మేం వలలకి కట్టే సీసపు గుళ్ళు వాడతాం. సుత్తితో పల్చగా కొట్టి గైడ్ (కారు ముక్కు కింద గాడిలోకి దిగే నాలుక) వెనకాల అంటిస్తే ముక్కు లేవదు. సీసం ముట్టుకున్నాక కూడా చేతులు కడుక్కోండమ్మా.

ఊరికే_అడుగుతున్నా:
నేనూ ఒకటి చెప్పొచ్చా? మీ అందర్నీ చూసి అటక మీది కారు దించినా. మోటారు పోయుంటే బొమ్మల షాపులో అదే సైజుది కొని వేసినా. పది సెకన్లు రాకెట్టులా పోయింది, తర్వాత కమురు వాసన.

ఒంగోలు_గిత్త:
ఆ మోటార్లు మూడు వోల్టులవి తమ్ముడూ, నువ్వు 12 ఇచ్చావు. పది సెకన్లు తిరిగిందంటే గట్టిదే.

పెన్నాగట్టూ, మోటార్ల మాట వచ్చింది కాబట్టి చెప్తన్నా. అన్ని టీములకీ ఒకే రకం మోటారు నువ్వే కొని, రేసు రోజు పొద్దున చీటీలేసి ఇవ్వు. ఇంటి నుంచి తెచ్చుకోనిస్తే రేసు ముందురోజు రాత్రే అయిపోతది. రిపేర్లు కూడా ట్రాక్‌లో కరెంటు ఉన్నప్పుడే, అంటే రేసు నడుస్తున్నప్పుడే కారు పక్కకి తీసి చెయ్యాలి, విడతల మధ్య కారు ముట్టుకోగూడదు. లేకపోతే ఐదు నిమిషాల విరామంలో రాగి జడలూ (టేపు మీద రాసుకుంటా కారుకి కరెంటు అందించేవి) టైర్లూ మార్చేసి కొత్త కారుతో వస్తారు. జడ అరిగి, మార్చాలా ఇంకో పది నిమిషాలు లాగాలా అని తలపట్టుకోవడమే పెద్ద రేసులో మజా.

ల్యాపుల లెక్క దగ్గర జాగ్రత్త. గాడిలో సెన్సార్ పెట్టి, కారు అడ్డొచ్చినప్పుడల్లా ఒక ల్యాపు లెక్కేసేట్టు పైనుంచి వెలుగు పడేట్టు చేస్తే, హాల్లో ఎల్ఈడీ ట్యూబులకి అది పని చెయ్యదు. ఆ సెన్సార్ చూసేది కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగుని, వాటిలో అది ఉండదు. ట్రాక్ మీద చిన్న బ్రిడ్జి కట్టి, దానికి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు పెట్టుకోవాలి. మాకు అది కూడా చాల్లేదు. సాయంత్రం నాలుగున్నరకి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా కారు కిందికి దూరింది, సెన్సార్‌కి కారు వచ్చినట్టే తెలీలా. రెండో లేన్లో ల్యాపులు ఎగిరిపోయినాయి. దుప్పటి కట్టి ఆపాం. అందుకే లేనుకొక మనిషిని కాయితం మీద గీతలు కూడా గియ్యమను. పిల్లలకి బాగుంటది ఆ పని.

ఇంకోటి, రొట్టెల పండగ రోజులు తగలకుండా చూసుకో. ఊళ్ళో లాడ్జీ దొరకదు, మేం రావొద్దా?

పెన్నాగట్టు:
సంక్రాంతి సెలవుల్లో పెట్టేశాం. రాయాల్సినవి చాలా ఉన్నాయి గానీ ముఖ్యమైనవే చెబుతా.

పలకల అతుకుల దగ్గర గోరుతో తడిమి చూస్తే ఒకచోట వెంట్రుకంత ఎత్తు తేడా ఉంది. పొద్దున్నే దానికి అట్టముక్క దూర్చి సరిచేశాం, లేకపోతే గైడ్లన్నీ అక్కడే విరిగేవి. సముద్రపు గాలికి టేపు నల్లబడి ఉండింది, నాలుగు లేన్లూ స్పిరిట్‌తో తుడవడానికే గంట పట్టింది. మార్షల్ వరస గిత్త అన్న చెప్పినట్టే పెట్టాం, ఒక్క గొడవ లేదు. రాయి అన్న పంపిన ముక్క మీద ఆరు కార్లలో రెండు టిక్కుమన్నాయి.

నాలుగో విడతలో కరెంటు పోయింది. బ్యాటరీ మీద కార్లు ఆగకుండా తిరుగుతా ఉన్నాయి, లాప్‌టాప్ నడుస్తా ఉంది, మేం కాలరెగరేస్తన్నాం. రెండు నిమిషాలయ్యాక మూడో లేన్ గీతలు గీసే మా చిన్నోడు చొక్కా లాగాడు: “అన్నా, నా గీతలు పెరుగుతున్నాయి, స్క్రీన్ మీద అంకెలు పెరగట్లా.” చూస్తే బ్రిడ్జి దీపాల ఎడాప్టర్ గోడ ప్లగ్గులో ఉంది! రేసు ఆపి, బ్యాటరీ నుంచి వైరు లాగి, పిల్లల కాయితాలు చూసి ల్యాపులు కలిపాం. చివరికి మొదటి టీం 1391, రెండోది 1388. ఆ కాయితాలు లేకపోతే ఈపాటికి మా మధ్య మాటలుండేవి కాదు.

కావలి మాస్టారు:
లాప్‌టాప్ గురించి చెప్పాను, బ్రిడ్జి మాట నాకు తట్టనేలేదు. ఆ తప్పు నాది. ఆ చిన్నోడికి నా తరఫున ఒక మలై కాజా.

మైపాడు_అల:
తిన్నాక చేతులు కడుక్కోమని చెప్పండి.

పెన్నాగట్టు:
😄 చెప్తానక్కా. వచ్చేసారి రేసు ఒంగోల్లో పెడదాం. గిత్త అన్నా, మీ హాలు కిటికీలు ఇంకా ఎటువైపు ఉన్నాయి?

ఒంగోలు_గిత్త:
పడమరకే. దుప్పటి నువ్వు తెచ్చుకో.