రోడ్డు రోలరు మీద పడిన ఓటు ఎవరి అజ్ఞానం?

భువనగిరి బాటసారి:

2019 ఏప్రిల్ 11న లోక్‌సభ ఎన్నికల్లో ఓటు వేసి వచ్చిన మా మేనత్త, చెప్పులు విడవకముందే "మన బండికే వేసిన" అని వాకిట్లో నిలబడి ప్రకటించింది. బండి అంటే కారు అనీ, కారంటే అప్పటి తెరాస అనీ ఇంటిల్లిపాదికీ తెలుసు కనుక ఎవరూ మరో ప్రశ్న అడగలేదు. మే 23న ఫలితం వచ్చింది. భువనగిరిలో కారు 5,219 ఓట్ల తేడాతో ఓడిపోయింది. అదే పోటీలో రోడ్డు రోలరు గుర్తు మీద నిలబడిన అభ్యర్థికి, మా ఊళ్ళో ముఖమైనా ఎవరూ ఎరగని ఆ మనిషికి, 27,973 ఓట్లు వచ్చాయి. మర్నాడు మా బాబాయి కారు బొమ్మ, రోలరు బొమ్మ పక్కపక్కన అచ్చయిన దినపత్రికను అత్తమ్మ ముందు పరిచి, ఏ బండికి వేశావో చూపించమన్నాడు. ఆమె వేలు తిన్నగా వెళ్ళి రోలరు మీద వాలింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏ పని చెడినా, చివరకు పాలు పొంగిపోయినా, "అత్తమ్మ రోలరెక్కింది" అనడం ఆనవాయితీ అయింది.

ఇప్పుడు చర్చకు పెడుతున్న ప్రశ్న ఇది. ఒక గుర్తు మరొక గుర్తును పోలి ఉండడం వల్ల ఓటు దారి తప్పితే, దాన్ని ఓటరు అజ్ఞానం అనాలా, ఎన్నికల సంఘం అలసత్వం అనాలా, లేక ఓడిన పార్టీ దులిపేసుకోవడానికి దొరికిన సాకు అనాలా? రోడ్డు రోలరును 2011లోనే జాబితా నుంచి తీసివేశారని, దాన్ని తిరిగి చేర్చడం అన్యాయమని ఆ పార్టీ వాదించింది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ అభ్యర్థనను తోసిపుచ్చుతూ, కారుకూ రోలరుకూ తేడా తెలియనంత అమాయకులా మన ఓటర్లు అన్న భావంతో ప్రశ్నించింది. కోర్టు మా అత్తమ్మను చూడలేదు కాబట్టి ఆ మాట అనగలిగిందని మా బాబాయి అభిప్రాయం. నా అభిప్రాయం తరువాత చెబుతాను.

లెక్కల మాస్టారు:

బాటసారి గారూ, అభిప్రాయాలకు ముందు కాస్త లెక్క చూద్దాం. భువనగిరిలో రోలరుకు వేసిన ప్రతి అయిదుగురిలో ఒక్కరు కారనుకుని పొరబడి ఉన్నా ఆ 5,219 తేడా చెరిగిపోయేది. 2020 దుబ్బాక ఉప ఎన్నికలో కారు 1,079 ఓట్లతో ఓడింది. చపాతీ పీట, కర్ర గుర్తు మీద నిలబడిన స్వతంత్రుడికి 3,570 వచ్చాయి. అక్కడ ముగ్గురిలో ఒకరు పొరబడి ఉంటే చాలు. 2018 అసెంబ్లీ ఎన్నికల్లో నకిరేకల్ సంగతి వేరు. అక్కడ తేడా 8,259, ట్రక్కు గుర్తుకు పడినవి 10,383. ఫలితం తారుమారు కావాలంటే ట్రక్కెక్కిన అయిదుగురిలో నలుగురు కారు మనుషులే అయి ఉండాలి. అంత పొరపాటు జరిగిందని నమ్మడానికి నాకు ధైర్యం చాలడం లేదు.

కాబట్టి ఓడిన చోటల్లా రోలరే కారణమనడం ఎంత తప్పో, అసలు అయోమయమే లేదనడమూ అంతే తప్పు. ప్రచారానికి జీపయినా తిరగని అభ్యర్థికి ఒక నియోజకవర్గంలో దాదాపు 28 వేల ఓట్లు పడడం ప్రజాభిమానం అయితే, ఆ అభిమానాన్ని ఆయన మరో పోటీలో ఎందుకు కూడగట్టుకోలేకపోతారు? గుర్తు తీసివేయడానికి కోర్టుకు అంత సంకోచం ఎందుకో నాకు అర్థం కాదు. ఓటరు తెలివైనవాడని పొగడడం తేలిక. ఆ పొగడ్తకు ఖర్చు కాదు, బొమ్మ మార్చాలంటే ఒక ఉత్తర్వు రాయాలి.

రెండో పోలింగ్ అధికారి:

నేను మూడు సార్వత్రిక ఎన్నికల్లో వేలికి సిరా పూసిన ఉద్యోగిని. మా టేబుల్ దగ్గరనుంచి అజ్ఞానం ఎలా కనిపిస్తుందో చెప్పనివ్వండి.

అట్టముక్కలతో కట్టిన ఆ గూటిలోకి ఓటరు వెళ్ళాక మేము తొంగిచూడకూడదు. లోపల ఏం జరుగుతోందో చప్పుడును బట్టి ఊహించుకోవాలి. "కుయ్" మని కూత వినిపిస్తే పని అయినట్టు. వినిపించకపోతే కథ మొదలవుతుంది. ఒకసారి ఇస్త్రీ మడత నలగని చొక్కా వేసుకున్న విశ్రాంత ఉన్నతాధికారి ఒకాయన లోపలికి వెళ్ళి మూడు నిమిషాలు బయటకు రాలేదు. చివరకు "ఈ యంత్రం పనిచేయడం లేదు, పై అధికారులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తాను" అని గర్జించారు. తీరా విచారిస్తే, ఆయన పక్కనున్న నీలం మీటను వదిలేసి కాగితం మీది బొమ్మనే నొక్కుతూ ఉన్నారు. అట్టతో చేసిన నమూనా యంత్రాన్ని చూపించి వివరించాక వెళ్ళి నొక్కి వచ్చారు, కానీ ఫిర్యాదు ఉపసంహరించుకోలేదు. ఆయన వెనకే వచ్చిన ఎనభయ్యేళ్ళ అవ్వ అర నిమిషంలో కూత వినిపించి, "అయిపోయిందా నాయనా" అని నన్నే అడిగి వెళ్ళిపోయింది.

బొమ్మల విషయంలో ఒక మాట. 2015 మే నుంచి యంత్రం మీద అభ్యర్థి ఫొటో కూడా వస్తోంది; కాబట్టి మీరు చెప్పిన నకిరేకల్, భువనగిరి ఓటర్ల ముందు ఫొటోలు ఉన్నాయి. అయితే అప్పట్లో అది తపాలా బిళ్ళంత నలుపు తెలుపు ఫొటో, దాని మీద వెలుతురు కూడా సరిగా పడేది కాదు. గుర్తేమో సన్నని గీతల బొమ్మ. ఇప్పటికీ వాడుతున్న గుర్తుల్లో చాలా భాగం ఎన్నికల సంఘంలో చిత్రకారుడిగా పనిచేసి 1992లో విరమించిన ఎం.ఎస్. సేఠీ పెన్సిలుతో గీసినవే. శుక్లాలు ముదిరిన కంటికి గీతల్లో చక్రాలున్న ప్రతిదీ బండే. ఓటు ఏ గుర్తుకు పడిందో చూపే వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుంది నిజమే, కానీ ఆ ఏడు సెకన్లలో కళ్ళద్దాలు కొంగున తుడుచుకుని పెట్టుకునేవాళ్ళను నేను చూశాను. ఒకవేళ పొరపాటు నొక్కానని గ్రహించినా చేయగలిగింది లేదు. రెండో అవకాశం ఇవ్వడానికి మాకు అధికారం లేదు.

కంటిచూపు తగ్గడం అజ్ఞానం కిందికి రాదని నా మనవి.

పట్టణ చదువరి:

అందరూ సానుభూతి గుమ్మరిస్తున్నారు కాబట్టి చేదు మాట నేను చెబుతాను. వాహనం నడపడానికి పరీక్ష ఉంది, బ్యాంకులో గుమాస్తా కావడానికి పరీక్ష ఉంది, దేశాన్ని ఎవరి చేతిలో పెట్టాలో నిర్ణయించడానికి మాత్రం పద్దెనిమిదేళ్ళు నిండితే చాలునట. కారుకూ రోడ్డు రోలరుకూ, లారీకీ ట్రక్కుకూ తేడా కనిపెట్టలేని ఓటూ, పార్టీల ప్రణాళికలు వరసగా చదివి తూచిన నా ఓటూ సమానం అనడం గణితశాస్త్రానికే అవమానం. కనీసం పదో తరగతి అర్హత పెట్టాలి. హర్యానాలో 2015లో పంచాయతీ అభ్యర్థులకు చదువు అర్హత పెడితే సుప్రీంకోర్టు అదే ఏడాది డిసెంబరులో సమర్థించింది కదా.

భువనగిరి బాటసారి:

చదువరి గారూ, మీరు చెప్పిన తీర్పు పోటీ చేసేవారి గురించి, ఓటు వేసేవారి గురించి కాదు. అర్హత పరీక్ష మీరే మొదలుపెట్టారు కాబట్టి ఇంత చిన్న తేడాకు మార్కులు తగ్గించడం నాకు ఇష్టం లేకపోయినా తప్పదు.

పరీక్ష పెట్టాలనే అనుకుందాం. 2024 మే 13న పోలింగుకు ముందు వారం రోజులు మా బంధువుల వాట్సాప్ బృందంలో తిరిగిన ప్రశ్నపత్రం నా దగ్గరుంది. జాబితాలో పేరు లేకపోయినా ఆధార్ చూపించి 49ఏ సెక్షన్ కింద "ఛాలెంజ్ ఓటు" వేయవచ్చని అందులో మొదటి సందేశం. ఒక కేంద్రంలో 14 శాతం కంటే ఎక్కువ టెండర్ ఓట్లు పడితే మళ్ళీ పోలింగు జరుపుతారని రెండోది. నోటాకు అందరికన్నా ఎక్కువ ఓట్లు వస్తే ఎన్నిక రద్దయి, నిలబడిన వాళ్ళందరినీ అనర్హులను చేస్తారని మూడోది. మూడూ అబద్ధాలే. జాబితాలో పేరు లేకపోతే ఏ సెక్షనూ ఓటు ఇప్పించదు. టెండర్ ఓటు అనేది మీ పేరున ముందే ఎవరో వేసిపోయినప్పుడు ఇచ్చే కాగితపు ఓటు. దానికి 14 శాతం గీత ఎక్కడా లేదు. నోటా 2013 తీర్పుతో వచ్చింది. లోక్‌సభకైనా అసెంబ్లీకైనా దానికి కోటి ఓట్లు పడినా తరువాతి స్థానంలో ఉన్నవారే గెలుస్తారు. అదే 2024లో ఇందౌర్‌లో కాంగ్రెస్ అభ్యర్థి నామినేషను ఉపసంహరించుకున్నాక నోటాకు 2,18,674 ఓట్లు పడ్డాయి, ఎన్నిక రద్దు కాలేదు, భాజపా అభ్యర్థి ఢిల్లీకి వెళ్ళారు.

ఈ సందేశాలను మాకు పంపినవారిలో ఇద్దరు ఇంజనీర్లు, ఒక దంతవైద్యుడు, అమెరికా నుంచి ఒక మేనబావ. "తప్పక అందరికీ పంపండి" అని చివర ఎర్ర అక్షరాలు. మా బంధువుల్లో దీన్ని పంపనిది మా అత్తమ్మ ఒక్కతే. ఆమె దగ్గర మీటల ఫోను ఉంది.

ఇంకొక మార్కు తగ్గించాలి. ఆ రోజు తెలంగాణలో అన్నిటికన్నా ఎక్కువగా 76.78 శాతం పోలింగు జరిగింది మా భువనగిరిలో. అన్నిటికన్నా తక్కువగా 48.48 శాతం జరిగింది హైదరాబాదులో. ప్రణాళికలు తూచేవాళ్ళందరూ ఆ సోమవారం త్రాసులు పట్టుకుని ఏ ఊరు వెళ్ళారో తెలియదు. (పాతబస్తీ మిత్రులు నన్ను మన్నించాలి, నేను మాట్లాడుతున్నది శని, ఆదివారాలకు సోమవారాన్ని కలిపేసుకున్న మా బావమరుదుల గురించి.)

1951–52 తొలి ఎన్నికల నాటికి దేశంలో అక్షరాస్యత 18 శాతం. అందుకే ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. అప్పుడు జాబితాల నుంచి తొలగిపోయిన సుమారు 28 లక్షల మంది స్త్రీలు ఓటంటే తెలియక తొలగిపోలేదు, "ఫలానావారి భార్య", "ఫలానావారి తల్లి" అని తప్ప తమ పేరు చెప్పకపోవడం వల్ల తొలగిపోయారు. వారి పేరు ఎందుకు బయటకు రాలేదో మీ పదో తరగతి పరీక్షలో ఒక ప్రశ్నగా పెట్టండి.

కోనసీమ కొబ్బరాకు:

బండి గొడవ తెలంగాణదైతే గ్లాసు గొడవ మాది. 2024లో జనసేన తెదేపా, భాజపాలతో కూటమి కట్టి 21 అసెంబ్లీ, 2 లోక్‌సభ స్థానాల్లోనే పోటీ చేసింది. మిగతా చోట్ల గాజు గ్లాసు ఎవరికైనా ఇవ్వదగిన గుర్తుగా మిగిలిపోయి, పలుచోట్ల స్వతంత్రుల చేతికి చిక్కింది. తెదేపా హైకోర్టు మెట్లెక్కింది. జనసేన పోటీ ఉన్న స్థానాల పరిధిలో ఆ గుర్తు ఇతరులకు ఇవ్వబోమని ఎన్నికల సంఘం చెప్పింది కానీ, మిగతా నియోజకవర్గాల్లో కంగారు అలాగే మిగిలింది. 2025 జనవరిలో జనసేన గుర్తింపు పొంది గ్లాసు దానికే ఖరారయ్యాక గానీ ఆ ముచ్చట ముగియలేదు.

మా రాజోలులో పరీక్ష ఇంకా కష్టమైనది. కూటమి మనిషికి అసెంబ్లీ గులాబీ కాగితం మీద గ్లాసు, అమలాపురం లోక్‌సభ తెల్ల కాగితం మీద సైకిలు. రెండు యంత్రాలు, రెండు రంగులు, రెండు గుర్తులు. మా వీధిలో ఒక కార్యకర్త ఒక చేతిలో టీ గ్లాసు, మరొక చేత్తో సైకిలు నడిపించుకుంటూ వారం రోజులు ఇల్లిల్లూ తిరిగి పాఠం చెప్పాడు. చివరి రెండు రోజులూ ఎవరో ఒకరు ఆ గ్లాసులో టీ పోయడం వల్ల పాఠాలు ఆలస్యమయ్యాయి. గ్లాసు ఇక్కడ గెలిచింది, సైకిలూ గెలిచింది. చెప్పేవాడుంటే ఎవరైనా నేర్చుకుంటారు. చెప్పడానికి మనిషిని పంపని పార్టీయే ఓటరును అజ్ఞాని అంటుంది.

పసుపు రైతు బిడ్డ:

మా నిజామాబాదును మరిచిపోయారు. 2019లో మా లోక్‌సభ స్థానంలో 185 మంది పోటీ చేశారు. వారిలో 178 మంది పసుపు, ఎర్రజొన్న ధరల కోసం నామినేషన్లు వేసిన రైతులు. పన్నెండు యంత్రాలను పేర్చి, వాటి మధ్య కావలసిన బొమ్మ వెతుక్కోమన్నారు. పంచాంగంలో ముహూర్తం వెతకడం దానికన్నా తేలిక. అయినా మావాళ్ళు ఎవరిని ఓడించదలచుకున్నారో వారిని వెతికి మరీ ఓడించారు. పన్నెండు యంత్రాల్లో దారి తప్పని పల్లె ఓటరు, రెండు బండ్ల మధ్య దారి తప్పాడంటే నేను పూర్తిగా నమ్మలేను. రోలరుకు పడిన వాటిలో కోపంతో వేసినవీ ఉంటాయి.

మునుగోడు సంగతీ ఒక్క మాట. 2022 ఉప ఎన్నికలో ఒక అభ్యర్థికి లాటరీలో వచ్చిన రోడ్డు రోలరును మార్చి, రిటర్నింగ్ అధికారి పిల్లల నడకబండి ఇచ్చారు. ఎన్నికల సంఘం రోలరును తిరిగి ఇప్పించి, ఆ అధికారిని తప్పించింది. అక్కడ గుర్తుల్లో తికమకపడింది ఓటరు కాదు.

బాటసారి గారిని ఒకటి అడగాలి. మీ అత్తగారు రోలరుకు వేశారని మీకు ఎలా తెలుసు? పత్రిక మీద వేలు పెట్టడం మీట మీద వేలు పెట్టడం కాదు కదా.

భువనగిరి బాటసారి:

న్యాయమైన ప్రశ్న. ఇన్నేళ్ళుగా ఈ కథ చెబుతున్నాను కానీ ఆమెను నేరుగా ఎన్నడూ అడగలేదు. అందుకే ఇందాక ఫోను చేశాను. ఆ రోజు నిజంగా ఏ బండికి వేశావు అత్తమ్మా అని అడిగాను. కొంతసేపు అవతల గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. తరువాత ఆమె అన్న మాటలను ఆమె మాటల్లోనే రాస్తున్నాను:

"నాకు ఆ పేపర్ల బొమ్మలు ఆనలేదు బిడ్డా. మీ బాబాయి తొందరపెడ్తుంటే వేలు ఏడ పడ్డదో ఆడ పడ్డది. అయినా ఎవ్వరికి ఏసిన్నో నీకెందుకు చెప్పాలె? ఏలికి సిరా పెట్టిన సారు ఎవ్వరికీ చెప్పద్దన్నడు."

రెండో పోలింగ్ అధికారి గారూ, ఆ సారు మీరు కారు కదా?

రెండో పోలింగ్ అధికారి:

ఎవ్వరికీ చెప్పవద్దన్నారు.